పదునులో గీసిన గీత

కవిత్వంలో వస్తువు ముందా, శిల్పం ముందా అని మనం చాలాకాలంగా వాదించుకొంటున్నాం. ఆ వాదంలో కుండను ఉపమానంగా వాడని వక్త లేడు. కుండ శిల్పమట, అందులోని నీళ్లు వస్తువట! ఈ మాట చెప్పేవారిలో సారెముందు కూర్చున్నవారు తక్కువ. నేను కుమ్మరి ఇంట పుట్టినవాణ్ని. పదహారేళ్ల వయసుదాకా మట్టి తొక్కాను. తరువాత చదువుకొని, రసాయనశాస్త్రం పాఠాలు చెప్పి బతికాను. అందుచేత ఆ ఉపమానం విన్నప్పుడల్లా నాకు ఒక అభ్యంతరం తోస్తుంది. కుండను వీరు ఉట్టి ఖాళీగా చూస్తున్నారు. దాని గోడకు మందమున్నదనీ, ఆ మందంలో ఒక మనిషి చేతికాలమంతా ఇమిడి వున్నదనీ మరచిపోతున్నారు.

కుండ గోడ మందాన్నే కళగా చేసికొన్న పని ఒకటి వున్నది. దానికి స్గ్రాఫిటో అని పేరు. గీకడం అనే అర్థంగల ఇటాలియన్ మాటనుంచి వచ్చిన పేరు అది. గోడలమీది రాతలకు చెప్పే గ్రాఫిటీ అనే మాటా దాని తోబుట్టువే. ఒక రంగు మట్టితో పాత్ర చేస్తారు. దానిమీద వేరొక రంగు మట్టిని చిక్కని మజ్జిగలా కలిపి పూస్తారు. పూత కొంత ఆరిన తరువాత మొనతో గీకుతారు. పైపూత లేచిపోయిన చోట కింది మట్టి బయటపడుతుంది. గీత అంటే అక్కడ చేర్చిన రంగు కాదు, తీసివేసిన పొర. చిత్రకారుడు పెట్టి బొమ్మ చేస్తాడు, ఈ పనివాడు తీసి బొమ్మ చేస్తాడు.

ఉద్యోగవిరమణ తరువాత, అరవై దాటిన వయసులో నేను దీన్ని నేర్చుకొన్నాను. నేర్చుకోవటంలో మొదట అర్థమైంది బొమ్మ సంగతి కాదు, కాలం సంగతి. మట్టి మరీ తడిగా వుంటే మొన వెంట రెండు పక్కలా గట్టు లేస్తుంది, గీత చిరుగుతుంది. మరీ ఆరితే పూత పెచ్చులుగా ఎగిరిపోతుంది. ఈ రెంటికీ నడుమ కొద్దిగంటలే వుంటుంది అసలు సమయం. ఇంగ్లీషువారు ఆ స్థితిని తోలు గట్టిదనంతో పోలుస్తారు. మన భాషలో దానికి వెదుక్కోనక్కరలేని మాట వున్నది: పదును. దుక్కికి పదును, పిండికి పదును, మట్టికి పదును. కత్తికి వుండేదీ పదునే. మట్టి పదునూ, మొన పదునూ కలిసిన క్షణంలో గీసినదే గీత. రైతూ కుమ్మరీ కలిసి నిలబెట్టిన ఈ ఒక్క మాటలో మన సౌందర్యశాస్త్రం ఒక అధ్యాయం వున్నదని నేనంటాను.

రెండు మట్టులు ఒకదానిమీద ఒకటి నిలవాలంటే రెండూ ఆరేటప్పుడు ఒకే లెక్కన కుదించుకుపోవాలి. కాలేటప్పుడూ అంతే. ఒకటి ఎక్కువ కుదించుకుపోతే పూత పగులుతుంది, లేదా పొట్టులా లేస్తుంది. ఆ కారణంచేత అనుభవజ్ఞులు తెల్లమట్టి పూతలో పాత్ర చేసిన మట్టినే కొంత కలుపుతారు. మా ప్రయోగశాలలో నేను ముప్పైయేళ్లు విద్యార్థులకు చెప్పిన సూత్రాలను మా నాయన ఏ సూత్రమూ లేకుండా వేలికొసలతో తెలుసుకొన్నాడు. ఆయన జ్ఞానానికి మార్కులు వేసే విశ్వవిద్యాలయం లేకపోయింది, అంతే తేడా.

ఈ పని ఎవరిది? పండితుల పుస్తకాలలో ఇది కళాఖండాల జాబితాలో కనిపిస్తుంది. చరిత్రలో మాత్రం దీన్ని ఎక్కువగా సామాన్యుల బట్టీలలోనే చూస్తాం. ఉత్తర చైనాలో ఇప్పటి హెబెయ్ రాష్ట్రంలో సిజౌ బట్టీలని ప్రసిద్ధిపొందినవి వున్నాయి. సుంగ్ వంశపు కాలంలో, తరువాతి జిన్, యువాన్ కాలాలలో అక్కడ బూడిదరంగు ముతకమట్టిమీద తెల్లపూత పూసి, ఆ పూతను గీకి పూలూ తీగెలూ తీశారు. తెల్లపూతమీద నల్లపూత వేసి దాన్ని చెక్కినవీ వున్నాయి. రాజాస్థానంకోసం వేరే బట్టీలలో నున్నని, ఏకవర్ణపు పాత్రలు తయారవుతున్న రోజులలో ఈ బట్టీలు ప్రధానంగా జనంకోసం పనిచేశాయి. సారా జాడీలు, గిన్నెలు, తలకింద పెట్టుకొనే మట్టి దిండ్లు వారి సరకు. మట్టి ముతకది గనుకనే తెల్లపూత అవసరమైంది. పూత వున్నది గనుకనే గీత సాధ్యమైంది. పేదరికం కప్పుకొన్న దుప్పటిమీద కుట్టుపని చేసినట్లున్నది ఇది. ఆ దిండ్లలో కొన్నిటి అడుగున 'ఝాంగ్ కుటుంబం చేసినది' అని అర్థమిచ్చే ముద్ర కనిపిస్తుంది. రాజుల పేర్లతో కాలాన్ని లెక్కించే దేశంలో, దిండు అడుగున ఒక కుమ్మరి కుటుంబం తన పేరు దాచి వుంచింది.

ఇంగ్లండులోని ఉత్తర డెవన్ ప్రాంతానికి వెళ్దాం. బార్న్‌స్టపుల్, బిడెఫర్డ్ రేవుల దగ్గర కుమ్మరులు ఎర్రమట్టి పాత్రలకు తెల్లమట్టి పూసి గీకేవారు. 17వ శతాబ్దంలో ఈ పాత్రలు ఓడలెక్కి అమెరికా వలసలకు పోయాయి. వర్జీనియాలోని జేమ్స్‌టౌన్ తవ్వకాలలో వాటి పెంకులు దొరికాయి. పాత్రలు తీసికొనిపోయిన రేవులకు తిరుగు ఓడలలో పొగాకు వచ్చింది. ఆ పొగాకు వెనుక బానిసల చెమట వున్నది. అదే డెవన్‌లో 18, 19 శతాబ్దాలలో కోతల కూజాలని పెద్ద కూజాలు తయారయ్యాయి. కోతల కాలంలో కూలీలకు బీరూ, ఆపిల్ సారాయీ పోసే కూజాలవి. వాటిమీద ఓడలు, సూర్యబింబాలు, సింహాలు, తేదీలు, పద్యాలు గీకేవారు. కోత కోసినవాడి దాహానికీ, పద్యానికీ ఒకే పాత్ర చాలింది. వస్తువూ శిల్పమూ వేరువేరు అరలలో పెట్టేవారు ఆ కూజాను ఏ అరలో పెడతారు?

అట్లాంటిక్‌కు అవతల మరొక చేయి వున్నది. అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రం ఎడ్జ్‌ఫీల్డ్ ప్రాంతంలో డేవ్ అనే బానిస కుమ్మరి వుండేవాడు. అతని పనిలో రెండో మట్టి పూత లేదు. పచ్చి జాడీ భుజంమీద నేరుగా మొనతో గీసేవాడు. కనుక పండితుల లెక్కలో అది స్గ్రాఫిటో కాదు, దానికి దగ్గరి చుట్టం. 1834లో ఆ రాష్ట్రం బానిసలకు చదువూ రాతా నేర్పటాన్ని చట్టంచేసి నిషేధించింది. డేవ్ తేదీవేసి గీసిన పద్యాలలో దొరికిన తొలిది సరిగా ఆ 1834 సంవత్సరానిదే. తరువాతి సంవత్సరాలలో రెండేసి పాదాల పద్యాలు, తన పేరు, తేదీ గీసిన జాడీలు ఎన్నో చేశాడు. 1859 నాటి జాడీలలో నలభై గాలన్లకు సరిపడేవి వున్నాయి. బానిసత్వం రద్దయిన తరువాత అతడు డేవిడ్ డ్రేక్ అనే పేరుతో స్వేచ్ఛాజీవి అయ్యాడు.

యజమానికి జాడీ కావాలి, అందులో మాంసం నిలవపెట్టాలి. జాడీ యజమానిది, మట్టి యజమానిది, చట్టప్రకారం ఆ చేయి కూడా యజమానిదే. కాని ఆ గీత ఎవరిది? అలంకారం నిరుపయోగమనే మిత్రులు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలి. మాంసం నిలవకు పద్యం అక్కరలేదు, నిజమే. ఆ అక్కరలేనిదానిలోనే ఒక మనిషి తాను మనిషినని రుజువు చేసికొన్నాడు. ఉపయోగం పాత్రను సమాజంతో కలుపుతుంది, గీత ఆ పాత్ర చేసినవాణ్ని సమాజంతో కలుపుతుంది.

ఆఫ్రికానుంచి మరొక ఉదాహరణ చెప్పి మన ఊరికి వస్తాను. నైజీరియాలోని క్వాలి గ్రామంలో పుట్టిన లాడి క్వాలి బడికి పోలేదు. సారె లేకుండా, మట్టిని తీగలుగా చుట్టి కుండ లేపటం తన కుటుంబపు స్త్రీలనుంచి నేర్చుకొన్నది. వలస ప్రభుత్వం తరపున పనిచేసిన మైకేల్ కార్డ్యూ అనే ఆంగ్ల కుమ్మరి 1950ల మొదట్లో అబూజాలో శిక్షణకేంద్రం నెలకొల్పాడు. నేడు సులేజా అని పిలిచే పట్టణం అది. 1954లో ఆమె అందులో చేరింది. బల్లులు, తేళ్లు, పాములు, పక్షులు ఆమె గీతలలో నడిచాయి. గిన్నెలను పూతలో ముంచి, ముళ్లపంది ముల్లుతో గీకి బొమ్మలు తీసేది. లండన్ ప్రదర్శనలలో ఆమె పాత్రలు అమ్ముడుపోయాయి. 1977లో అహ్మదు బెల్లో విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆమె 1984లో మరణించింది. నైజీరియా ఇరవై నైరాల నోటు వెనుక ఆమె బొమ్మ వున్నది.

ఈ కథను రెండు విధాల చెప్పవచ్చును. వలసదొర వచ్చి పల్లెకళను ఉద్ధరించాడన్నది ఒకటి. ఆమె చేతిలో అప్పటికే వున్న విద్యకు, ఆమె ఊళ్లో లేని ఎత్తయిన వేడి బట్టీ, గాజుపూత తోడయ్యాయన్నది రెండోది. రెండోదే భౌతికవాదపు కథ. క్వాలి గ్రామంలో ప్రతిభకు కొదువలేదు, లేనిది బట్టీ. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మన సమస్యకూ మూలం అదే.

మన తెలుగునేలమీద గీత కొత్తది కాదు. మహాశిలా సమాధులలో దొరికే నలుపు ఎరుపు కుండలమీద, కాల్చిన తరువాత మొనతో గీకిన గుర్తులు దక్కనంతటా కనిపిస్తాయి. 1960లో బి. బి. లాల్ అట్టి గుర్తులను హరప్పా గుర్తులతో పోలుస్తూ వ్యాసం ప్రచురించాడు. అవి లిపియా, ఇంటిగుర్తులా అన్న వాదం నేటికీ సాగుతున్నది. 1947లో మార్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్వినప్పుడు పై పొరలలో ఎర్రపూతా, తెల్లని గీతలూ గల పాత్రలు దొరికాయి. వాటికి ఆంధ్ర పాత్రలనే పేరు వచ్చింది. శాతవాహనుల కాలంలో రెండు రంగుల మట్టితో మాట్లాడటం మనవారికి తెలుసు. అది గీకిన పని కాదు, పూసిన పని. ఐనా రెండు మట్టుల సంవాదమే.

నేటికీ పెళ్లికి కుమ్మరి ఇంటినుంచి ఐరేని కుండలు తెస్తారు. వాటికి సున్నంతో, జాజుతో బొమ్మలు వేస్తారు. బోనం కుండకు సున్నంపూత, పసుపు బొట్లు పెడతారు. మా ఇంట్లో సారె తిప్పింది మగవారు. ఐరేని కుండకు తీగె గీసింది మా అమ్మ. మా అమ్మ తరువాత మా మరదలు, అంటే తమ్ముడి భార్య. పెన్సిలు గుర్తు లేదు, కొలత లేదు. కుండను ఒళ్లో తిప్పుకొంటూ మొదలుపెట్టిన తీగె మొదటికి వచ్చి సరిగా కలుస్తుంది. పెళ్లి నాలుగురోజులు కాగానే ఆ తీగె దూళ్లోకి పోతుంది. ఏ ప్రదర్శనశాలా దాన్ని చూడదు.

మరి గాజుపూత కింద భద్రంగా నిలిచే గీత మన కుమ్మరి ఎందుకు వేయలేదు? కొందరు విమర్శకులు సంప్రదాయ జడత్వమంటారు. ఈ మాట అజ్ఞానం. మొదటి కారణం ఉపయోగం. మన కుండకు గాజుపూత వేస్తే నీళ్లు చల్లబడవు. గోడలోని సన్నని రంధ్రాలగుండా చెమ్మ వూరి, ఆవిరై, నీటిలోని వేడిని తీసుకుపోతేనే చల్లదనం. రెండవ కారణం బట్టీ. మన ఆవంలో కుండమీద కుండ పేర్చి, చొప్పా కట్టెలూ పిడకలూ పెట్టి, పైన మట్టి మెత్తి కాలుస్తాం. వేడి సుమారు 700 నుంచి 900 డిగ్రీలు. మామూలు మట్టిపాత్రల గాజుపూత కరిగి పరుచుకోవటానికి 1000 డిగ్రీలూ, అంతకు మించీ కావాలి. పైగా పూతవున్న పాత్రలు ఒకదానినొకటి తాకితే కరిగి అతుక్కుపోతాయి. విడివిడిగా నిలిపే అరల బట్టీ కావాలి. తక్కువ వేడికి కరిగే పూత ఒకటి వున్నది, సీసపుది. అది పనివాళ్ల రక్తంలోకి పోతుంది. బ్రిటన్‌లో కుమ్మరి కార్మికులు తరాలతరబడి ఆ విషానికి బలైన తరువాతనే, 1947 నాటి నిబంధనలతో సులభంగా కరిగి ఒంటికెక్కే సీసపు పూతలను పరిశ్రమలో నిషేధించారు. మన కుమ్మరి ఆ దారి పట్టకపోవటం అతని వెనుకబాటు కాదు.

ఇక నేటి మాట. అల్యూమినియం వచ్చింది, స్టీలు వచ్చింది, ప్లాస్టిక్ వచ్చింది. వంటింట్లోనుంచి దాకా, అటిక, కూరచట్టి ఒకదాని వెనుక ఒకటి పోయాయి. చెరువుమట్టికోసం అనుమతులు అడగాలి. మా ఊళ్లో ఇరవై రెండు సారెలుండేవి, ఐదు మిగిలాయి. అందులో ఒకటి మా తమ్ముడిది. అదే సమయంలో నగరంలో మట్టిపని నేర్పే స్టూడియోలు వెలిశాయి. వాటిలో ఒకటి మా తమ్ముడిచేత గిన్నెలూ పళ్లేలూ చేయించుకొనేది. పచ్చిగానే, పదును పోకుండా తడిగుడ్డ చుట్టి బండిలో తీసికొనిపోయేవారు. అక్కడ పూత పూసి, గీకి, కరెంటు బట్టీలో రెండుసార్లు కాల్చి అమ్మేవారు. తమ్ముడికి గిన్నెకు అరవై రూపాయలు. దుకాణంలో దాని వెల తొమ్మిది వందలు. అడుగున గీసినవారి పేరు, చక్కని ఇంగ్లీషు అక్షరాలలో.

బట్టీ ఖర్చున్నది, కరెంటున్నది, దుకాణం అద్దె వున్నది. ఇవన్నీ లెక్కవేసి చూశాను. గీసినవారి శ్రమను నేను తక్కువ చేయను, చేసి చూసినవాణ్ని గనుక. ఐనా ఎనిమిదివందల నలభై రూపాయల తేడాలో గీత విలువ ఎంత, బట్టీ యాజమాన్యం విలువ ఎంత, పేరు విలువ ఎంత? తమ్ముడు ఈ లెక్క అడగలేదు. ఒకటే అడిగాడు:

"అన్నా, గీత మా ఇంటిది గూడ గీస్తది. గిన్నె నేను చేస్తిని. కింద పేరు మాత్రం వాళ్లదెట్లయితది?"

ఇదే ప్రశ్న అతడు స్టూడియో వారిని మర్యాదగానే అడిగాడు. తన గుర్తు కూడా అడుగున వుండాలన్నాడు. కొనేవారు గందరగోళపడతారని జవాబు వచ్చింది. ఆ తరువాత బండి రావటం మానేసింది. నెలకు ఏడెనిమిది వేలు వచ్చే దారి మూసుకుపోయింది. ఆత్మగౌరవం గొప్పదని సభలలో చెప్పటం సులువు. ఆ రెండు నెలలు మా మరదలు ఏం పెట్టి ఇల్లు నడిపిందో ఆమె నోటు పుస్తకానికి తెలుసు.

విలియం మారిస్ అనే ఆంగ్ల సోషలిస్టు చేతిపనికి గౌరవం తేవాలని జీవితమంతా పోరాడాడు. అతని కార్ఖానా సరకు కొనగలిగింది మాత్రం సంపన్నులే. ఆ చిక్కు అతని వ్యక్తిగత లోపం కాదు. పెట్టుబడి సమాజంలో చేతిపని నెత్తిన వేలాడే కత్తి అది. గీత గీయటం నేర్పితే కుమ్మరులు బాగుపడతారని చెప్పే పథకాలను నేను అందుకే నమ్మను. గీత వారికి వచ్చు. బట్టీ ఎవరి చేతిలో వున్నదన్నదే ప్రశ్న. లాడి క్వాలికి బట్టీ దొరికింది, కాని అది సర్కారుది. మా ఐదు ఇళ్లవారు కలిసి ఒక గ్యాస్ బట్టీ పెట్టుకోవాలని ఆలోచిస్తున్నారు. సంఘంగా నమోదుకు కాగితాలు నేను రాస్తున్నాను. సీసం లేని పూత పాళ్లు మా మట్టికి కుదిరేదాకా పరీక్షించే పని కూడా నాదే. చదువు నాకిచ్చినదాన్ని తిరిగి ఇవ్వటానికి ఇంతకంటె సూటి దారి నాకు కనిపించలేదు.

ఈలోగా గాజుపూత లేకుండానే ఎర్రమట్టి పళ్లేలమీద తెల్లమట్టి పూసి, మరదలు గీకగా, మా ఆవంలోనే కాల్చి చూశాం. తినటానికి కాదు, గోడకు పెట్టుకోవటానికి. మొదటి ఆవంలో పన్నెండు పళ్లేలు. నేను గీసిన నాలుగింటికంటె ఆమె గీసిన ఎనిమిదీ ఎన్నో రెట్లు మేలని ఎవరికైనా కనిపిస్తుంది. నాది పుస్తకం చూసిన గీత, ఆమెది కుండను తిప్పిన గీత.

అప్పుడు పేరు ప్రశ్న మా ఇంట్లోకే వచ్చింది. పళ్లెం చేసింది తమ్ముడు, గీసింది మరదలు. అడుగున ఎవరి గుర్తు? "ఇంటి పేరు చాలదా?" అన్నాడు తమ్ముడు. నగరంలో తన పేరు పోయినందుకు బాధపడ్డవాడే ఈ మాట అన్నాడు. మరదలు పళ్లెం తిరగేసి, ఇంకా పదునున్న మట్టిమీద ముల్లు ఆనించి, "మీదీ పెట్టుండ్రి, నాదీ పెడత. ఇంటి పేరు మీ అయ్యది" అన్నది. తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తరువాత ముల్లు ఆమెకే ఇచ్చాడు. ఆమె తన పేరులో మొదటి అక్షరం గీసింది. వయోజనవిద్య రాత్రిబడిలో నేర్చుకొన్న అక్షరమది.

మిత్రులు కళను ప్రజలకు చేరవేయాలంటారు. ప్రజల దగ్గర అది ముందే వున్నది. చేరవేయవలసింది బట్టీ, లెక్కపుస్తకం, అడుగున పేరు పెట్టుకొనే హక్కు. పై పొరను ఓపికగా తీస్తే కింది మట్టి తన రంగు తాను చూపుతుంది. తీయవలసిన పొరలు మన సమాజంలో చాలా వున్నాయి, కొన్ని మన ఇళ్లలోనూ వున్నాయి. మట్టి పదును మించిపోకముందే ఆ పని మొదలుపెట్టాలి.